ఊరంతటికీ సినిమా వెనక్కి తిప్పిన కరుణక్క

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో ఒకే సినిమాలో ఒకే ఫైటు రెండుసార్లు వచ్చేది. ఎందుకంటారా? మా వీధికి కరెంటు పోయినందుకు!

ఊరికి కేబుల్ నడిపేది కరుణక్క. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిన్నాక తన కేబుల్‌లో సినిమా వేసేది. క్యాసెట్లు నంద్యాల నుంచి బస్సులో తెచ్చేది. మా పక్క వీధిలో వాళ్ళింటి ముందు గదిలో ఒక టీవీ, ఒక వీసీఆరు... అక్కడి నుంచి మిద్దెల మీదుగా నల్లటి వైర్లు. ఊరంతటికీ సినిమా ఆ గదిలోంచే రావాలి.

సరిగ్గా హీరో చొక్కా చేతులు మడిచేసరికి మా వీధికి కరెంటు పోయేది. కరెంటోళ్ళకు మా మీద ఏం పగో! మళ్ళీ వచ్చేసరికి విలన్ చచ్చి, మిగిలినవాళ్ళంతా నవ్వుతూ ఫోటోకు నిలబడి ఉండేవాళ్ళు. ఇక చూడండి... పిల్లలమంతా కరుణక్క ఇంటికి పరుగో పరుగు.

"అక్కా, మాకు కరెంటు పోయింది!"

"యాడ దాకా చూసినార్రా?"

"హీరో గోడౌన్లోకి పోయినాడక్కా... ఆడ దాకా!"

అక్క మారుమాట లేకుండా క్యాసెట్ వెనక్కి తిప్పేది. అంతే... ఊరు ఊరంతా మళ్ళీ గోడౌన్లోకి పోవాల్సిందే! పై వీధి పెద్దాయన ఒకాయన కేకలేసుకుంటూ వచ్చేవాడు.

"ఏందమ్మా ఇది, చూసిందే చూడాల్నా?"

"వాళ్ళకు కరెంటు పోయిందప్పా. రేపు నీకూ పోతాది. అప్పుడు నీకోసరం వాళ్ళు చూస్తార్లే," అనేది అక్క.

ఆయన గొణుక్కుంటూ ఇంటికి పోయేవాడు. పోయి మళ్ళీ చూసేవాడు కూడా...

తర్వాత మిద్దెల మీద డిష్షులు వచ్చాయి. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఒక్కొక్క ఇల్లే కేబుల్ తీసేసింది. మా నాయన అయితే "ఫోనుండంగా ఇది యేటికి? దండగ!" అని అక్క ఇచ్చిన కేబుల్ పెట్టెను ఆమె చేతిలోనే పెట్టేశాడు.

ఇంకొకరైతే దిగులుతో మంచం ఎక్కేవాళ్ళు. కరుణక్క అట్లా కాదు. తల నెరిసిన వయసులో రోజూ నంద్యాల పోయి, వెంట్రుకంత సన్నటి ఫైబర్ తీగలు అతికించడం నేర్చుకుంది. పాత వైర్లు పీకించి, వీధి వీధికీ ఇంటర్నెట్ లైను లాగించింది. ఆ తెగువ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది... ఆమెలో సగం ధైర్యం నాకుంటే చాలనిపిస్తుంది.

కానీ లోపల అక్కకూ భయముంది. "ఇది గాని నిలబడకపోతే ఆ ముందు గదికి తాళమేసుకునేదే వదినా," అని మా అమ్మతో అంటుంటే విన్నాను.

జనం రాలేదు... "ఫోన్లోనే చూస్తాండాం కదక్కా" అనేవాళ్ళు. మా నాయనదీ అదే పాట.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికే వచ్చింది. "నాలుగు దినాలు చూడన్నా. బాగలేకుంటే నేనే ఇప్పుకొని పోతా," అని మా టీవీకి నెట్టు కలిపి వెళ్ళింది. నాయన మొహం మాడ్చుకునే ఒక పాత సినిమా పేరు చెప్పాడు. చెప్పీ చెప్పగానే వచ్చేసింది! కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కథ మంచి పట్టు మీదుండగా... కరెంటు పోయింది.

"అయిపాయ," అన్నాడు నాయన.

కాసేపటికి కరెంటు వచ్చింది. నేను రిమోట్ నొక్కాను. సినిమా ఆగిన చోటి నుంచే మొదలైంది. నాయన సంతోషపడతాడనుకుంటే, కంగారుగా ఫోన్ తీసి అక్కకు కలిపాడు.

"కరుణమ్మా, మాకోసరం ఊరందరికీ ఎనక్కి తిప్పినావా ఏంది? వద్దమ్మా... జనం తిట్టుకుంటారు!"

ఫోన్లో అక్క నవ్వు ఇల్లంతా వినబడింది. "లేదన్నా! ఇప్పుడు ఎవురి సినిమా వాళ్ళదే. నీది ఆగితే నీది ఒక్కటే ఆగుతాది. ఊరోళ్ళకేం తెలీదు."

"అట్లనా... ఇదేదో బాగుండాదే," అన్నాడు నాయన. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ అదే చెప్పాడు. కాఫీలో కూడా వంక వెతికే మనిషి మెచ్చుకున్నాడంటే మాటలా! ఇప్పుడు మా వీధిలో దాదాపు అన్ని ఇళ్ళకూ అక్క లైనే. పై వీధి వాళ్ళూ అడుగుతున్నారు. ఆ గదికి తాళం పడలేదు.

మొన్న ఆదివారం అమ్మ అక్కను భోజనానికి పిలిచింది. తిన్నాక సినిమా పెట్టాం. అక్క గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, పేర్లు పడే దగ్గర నుంచి శుభం దాకా కదలకుండా చూసింది.

"ఊరికంతా ఇన్ని సినిమాలు ఏసినా గానీ... నేను ఒక్కటీ నిండుగా చూడలేదు వదినా," అంది మెల్లగా. "కూసుంటే చాలు, ఎవురో ఒకరు వాకిట్లోకొచ్చి పిలుస్తాండ్రి."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంటర్నెట్టూ గెలిచింది, మా అక్కా గెలిచింది... అదంతా సంతోషమే. కానీ ఇప్పుడు మధ్యలో అక్కను పిలవాల్సిన పని ఎవరికీ లేదు...

మీ ఊళ్ళో మీకు సినిమాలు వేసింది ఎవరు? ఇప్పుడేం చేస్తున్నారు? ఒకసారి పలకరించి, వచ్చి ఇక్కడ చెప్పండి...