కరెంటు రావద్దని మొక్కిన సాయంత్రం

మొన్న ఎండాకాలంలో, ఖమ్మంలో మేముంటున్న కిరాయి ఇంట్లో, మెట్ల కింద మీటరు దగ్గర తీగ మాడింది. పై వాటా వాళ్లు కొత్తగా ఏసీ పెట్టించుకున్నారు, కింద మా కూలరు, పక్కన నీళ్ల మోటారు, అన్నీ ఒక్కసారే తిరుగుతుంటే పాత తీగ ఎంతకని ఓర్చుకుంటుంది? కాలిన రబ్బరు వాసన మెట్ల మీదుగా వంటింటి దాకా వచ్చింది. మా ఆయన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తున్నాడు, పిల్లలు వైఫై పోయిందని గోల చేస్తున్నారు. నేను మాత్రం గేటు దాకా పోయి, లోపలికొచ్చి, మళ్లీ గేటు దాకా పోయి, రావలసిన మనిషి ఇంకా రాలేదన్నట్టు వీధి చివరికి చూస్తూ నిలబడ్డాను. నాకోసం ఎవరూ వచ్చేది లేదు. అయినా ఆ వాసన తగిలితే నా కాళ్లు ఒకచోట ఆగవు.

మా ఊరు ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట. ఊరి నెత్తిమీదుగా పెద్ద పెద్ద టవర్ల లైను ఒకటి పోయేది. పాల్వంచలో పుట్టిన కరెంటు మా పొలాల మీదుగా ఏ పట్నాలకో పోతుందని పెద్దవాళ్లు చెప్పేవారు. వానాకాలం ముసురు పట్టిన రోజుల్లో ఆ తీగలు తుమ్మెదల్లా జుమ్మని మోగుతుంటే, పిల్లలం దూరంగా చింతచెట్టు కింద నిలబడి, చెవులు రిక్కించి, లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారని ఒకరినొకరం భయపెట్టుకునేవాళ్లం. నాయన పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు దించే చోట కాంట్రాక్టు కూలీ. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా ఆయన కనురెప్పల అంచున కాటుక పెట్టినట్టు నలుపు మిగిలేది. ఆయన దించిన బొగ్గుతో వెలిగే దీపాలు ఎక్కడెక్కడో ఉండేవి, మా ఇంట్లో మాత్రం గ్యాసునూనె బుడ్డి.

మా వైపు కిరసనాయిలును గ్యాసునూనె అంటారు. రేషన్ దుకాణం దగ్గర డబ్బాలు వరసలో పెట్టి, ఆ వరస ఎవరైనా చెరుపుతారేమోనని ఆడుకుంటూనే ఒక కన్ను అటు వేసి ఉంచేవాళ్లం. సాయంత్రం కాగానే కందిలి చిమ్నీని బూడిదతో తుడవడం నా పని, నా చెయ్యి చిన్నది కాబట్టి లోపలికి పట్టేది. ఎండాకాలం తెల్లవారుజామున నాయనమ్మతో ఇప్పపూలు ఏరడానికి పోతే ఆ తియ్యటి మత్తు వాసన బట్టలకు పట్టి మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. తునికాకు కట్టలు కట్టే రోజుల్లో ఇంటి నిండా పచ్చి ఆకు వాసన, చలికాలం వస్తే క్రిస్మస్‌కు అమ్మ వండే గారెల వాసన, గరిజెలలో కొబ్బరి, బెల్లం వాసన. వీటన్నిటి కిందా ఎప్పుడూ సన్నగా గ్యాసునూనె పొగ వాసన. అన్నంలో కూడా అదే ఉండేదని ఇప్పుడు చెప్తే మా పిల్లలు ముక్కు మూసుకుంటారు.

అమ్మ ఒకచోట కూర్చునే మనిషి కాదు. కుట్టుమిషన్ ముందు మాత్రమే కూర్చునేది, అప్పుడు కూడా కాళ్లు ఆడుతూనే ఉండేవి. చుట్టుపక్కల గూడేల నుంచి కోయ ఆడవాళ్లు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవారు, వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ నవ్వుకుంటుంటే అమ్మ అర్థమైనట్టే తనూ నవ్వేది. పొద్దు గూకితే సూదిలో దారం కనబడదు. బుడ్డి దగ్గరికి జరిగితే బట్టకు మసి. అందుకే మా ఊరికి కూడా కరెంటు స్తంభాలు వస్తున్నాయని తెలిసిన నాటి నుంచి, వాటిని దించిన లారీవాళ్ల దాకా, గుంతలు తవ్వే కూలీల దాకా, తీగ లాగే లైన్‌మన్ దాకా ప్రతి ఒక్కరి దగ్గరికీ పోయి "ఇంకెప్పుడిస్తరన్నా?" అని అడిగి విసిగించింది.

కరెంటు వచ్చాక ఊళ్లో సగం మంది మీటరు పెట్టించుకోలేదు. తీగకు కొక్కెం తగిలించి, దాన్నుంచి ఇంట్లోకి వైరు లాక్కునేవారు, దాన్నే కొండి అనేవారు. నాయన కూడా కొండే వేద్దామన్నాడు.

"బిల్లు నెలనెలా వస్తది, పని నెలనెలా ఉంటదా?" అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "దొంగ కరెంటు కింద కూసోని నేను కుట్టలేను. లైన్‌మన్ బండి సప్పుడైనప్పుడల్లా లేసి ఉరకాలె" అంది.

అట్లా మా గోడకు మీటరు వచ్చింది. దాంతోపాటు ఇంకో అశాంతి కూడా వచ్చింది. మీటరులో ఎర్ర గీత ఉన్న చక్రం ఒకటి తిరిగేది, అది ఎంత జోరుగా తిరిగితే బిల్లు అంతన్న మాట. అన్నం తింటూ లేచిపోయి ఆ చక్రాన్ని చూసి వచ్చేది అమ్మ. మేం బుగ్గ అనే బల్బు వంటింట్లో వెలిగితే ముందుగదిలో ఆర్పాలి. పక్కింటివాళ్లు ఇస్త్రీపెట్టె పెట్టుకుంటామని వస్తే ఆమె మొహమాటానికి సరేనని, వాళ్లు వెళ్లేదాకా మీటరు కింద అటూ ఇటూ తిరిగేది. బిల్లు కొట్టే మనిషి సైకిల్ గంట వినబడితే నాయనమ్మ కూడా ప్రార్థన ఆపి కళ్లు తెరిచేది.

ఇంతా చేసి ఆ కరెంటు ఉండేది తక్కువ. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో లైన్‌మన్‌కు కూడా తెలియదు. పోయినప్పుడు ఊరు ఉసూరుమనేది. వచ్చినప్పుడు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పిల్లలందరం "కరెంటొచ్చిందీ!" అని ఒక్క గొంతుతో అరిచేవాళ్లం. అన్ని కొండ్ల మీదా ఒక్కసారే బరువు పడి ఎక్కడో ఒకచోట వైరు మాడేది, ఆ రబ్బరు వాసన వచ్చిందంటే కరెంటు నిజంగానే వచ్చిందని మాకు లెక్క.

అమ్మ తమ్ముడు యోహాను మామది ఊరి చివర మొక్కజొన్న చేను. అడవికి ఆనుకుని ఉండటంతో కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు పడేవి. డబ్బాలు మోగించాడు, మంటలు వేశాడు, పాత చీరలు కట్టాడు. మేం పిల్లలం మంచె మీదెక్కి గొంతులు పోయేలా అరిచేది కూడా ఆ చేను కోసమే. పందులు దేనికీ భయపడలేదు. ఒకరోజు నాయన పొద్దున్నే డ్యూటీకి పోయాక, మామ ఎవరికీ చెప్పకుండా చేను చుట్టూ ఇనుప తీగ లాగి, పక్క స్తంభం మీది తీగకు కొండి వేశాడు.

ఆ సంగతి మాకు తెలిసింది సాయంత్రం. మధ్యాహ్నమే కరెంటు పోయి ఇంకా రాలేదు. మామ భార్య సుజాత అత్త జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చి, గుమ్మంలో కూర్చుని ఊరికే మాటల్లో చెప్పింది.

"ఇయాళ్ళ మీ తమ్ముడు చేనుకు కరెంటు తీగ పెట్టిండు వదినా. పందులు ఇగ రావు."

అమ్మ కాళ్లు మిషన్ మీద ఆగిపోయాయి. "కొండి తీసిండా?"

"కరెంటే లేదు గదా, ఎందుకు తీసుడని గట్లనే ఇడిసిపెట్టి మందు డబ్బా తేవడానికి ములకలపల్లి పోయిండు."

నాయన మెయిన్ రోడ్డు మీద జీపు దిగి, అడవిలో కాలిబాట పట్టి ఆ చేను గట్టు మీదుగానే వస్తాడు. రోజూ అదే దారి, అదే వేళ. తీగ పెట్టిన సంగతి ఆయనకు తెలియదు. ఇంతసేపూ లేని కరెంటు ఏ క్షణమైనా రావచ్చు.

అమ్మ చేతిలో జాకెట్ గుడ్డ అట్లాగే ఉంది. లేచి, పందిరి గుంజకు ఆనించి ఉన్న ఎండు వెదురు కర్ర పట్టుకుని పరుగు తీసింది. "సుజాతా, నువ్వు చెరువు పక్క నుంచి రోడ్డెక్కు! మీ అన్న కనబడితే ఆపు!" అని అరిచింది. వద్దన్నా వినకుండా నేను అమ్మ వెనకే ఉరికాను. దారిలో ఎదురైన వాళ్లు "ఏందక్కా, ఏమైంది?" అని అడుగుతున్నా ఆమె ఆగలేదు. నడుస్తూనో పరుగెత్తుతూనో, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా, "ప్రభువా, కరెంటు రావద్దు, ఇప్పుడే రావద్దు, ఇంకొద్దిసేపు రావద్దు" అంటోంది. ఎప్పుడు పోయినా "ఇంకా రాలేదేందే" అని గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని తిట్టే మా అమ్మ.

చేను దగ్గరికి చేరాక ఆమె నా భుజాలు పట్టుకుని గట్టు మీద నిలబెట్టింది. "ఈడ నుంచి కదిలితే నా మీద ఒట్టు. ఊరి దిక్కు చూడు. ఏడన్న బుగ్గ ఎలిగితే గట్టిగ ఒర్రు."

నేను ఊరి వైపు చూశాను. ఇళ్లు నల్లగా, పొయ్యిల పొగ తప్ప ఏమీ లేదు. వెనక వెదురు కర్ర తీగకు తగిలి టక్కుమన్న చప్పుడు వినబడింది, మళ్లీ టక్కుమంది. గాలికి పడిపోకుండా మామ కొండిని మెలిపెట్టి కట్టినట్టున్నాడు, అది ఊడిరావడం లేదు. అమ్మ కర్రను తిప్పుతోంది, కిందికి గుంజుతోంది, తిడుతోంది, ఏడుస్తోంది. నాకు అటు తిరిగి చూడాలని, ఇటు ఊరిని చూడాలని, అడవి వైపు నుంచి నాయన దగ్గు వినబడుతుందేమో వినాలని, అన్నీ ఒక్కసారే. మొక్కజొన్న ఆకులు గాలికి రాసుకుంటుంటే ప్రతి అలికిడీ నాయన అడుగే అనిపించింది.

కొండి ఊడి నేల మీద పడింది. అమ్మ కర్రతో దాన్ని తీగకు ఎడంగా నెట్టి, అప్పుడు కూడా నమ్మకం లేక, ఇంకా ఇంకా నెట్టింది.

కాసేపటికి ఊళ్లో ఒక బుగ్గ వెలిగింది, వెంటనే పది వెలిగాయి. పిల్లల కేక చెరువు దాటి వచ్చింది. "కరెంటొచ్చిందీ!" గాలి వెంట సన్నగా రబ్బరు మాడిన వాసన. అమ్మ గట్టు మీద కూలబడింది. అవతల నుంచి, ఆయాసంలో సంగతి చెప్పలేకపోయిన సుజాత అత్త, ఆమె వెనక టిఫిన్ డబ్బా ఊపుకుంటూ నాయన. అత్త చెయ్యి అడ్డం పెడితే ఆయన తీగకు రెండు అడుగుల అవతల ఆగి, "ఏందే, ఇద్దరూ ఈడ కూసున్నరు? మీటరు గిట్ట కాలిందా?" అన్నాడు. అమ్మ లేచి పోయి, చేతిలో ఇంకా ఉన్న ఆ జాకెట్ గుడ్డతో ఆయన ముఖం మీది బొగ్గు తుడవడం మొదలుపెట్టింది. ఆయన ఏదో అడుగుతున్నాడు, ఆమె తుడుస్తూనే ఉంది.

ఆ తీగ మొత్తం అమ్మే చుట్ట చుట్టి ఇంటికి తెచ్చింది. మర్నాడు మామ వచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేదు, కానీ తీగ మాత్రం అడిగాడు.

"ఇయ్యవే అక్కా. బావకు చెప్పకపోవుడు నా తప్పే. ఇగ ఊరంతా చాటింపు ఏపిస్త. తీగ లేకుంటే చేను మిగలదు."

"చేను మళ్లీ ఏసుకోవచ్చురా" అంది అమ్మ.

"ఏంతోని ఏస్త?"

అమ్మ మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. తీగ మాత్రం ఇవ్వలేదు. ఆ వారంలోనే పందులు చేనంతా తొక్కి పారేశాయి. క్రిస్మస్‌కు అమ్మ ఎప్పటికన్నా ఎక్కువ గరిజెలు చేసి నాతో మామ ఇంటికి పంపితే, మామ గిన్నె తీసుకుని నా తల నిమిరాడు. పండగ వెళ్లాక వాళ్లు పసిపిల్ల లిడియాను ఎత్తుకుని మధిర వెళ్లిపోయారు, అక్కడ పత్తి మిల్లులో పని దొరికిందట. బస్సు కదిలాక కూడా అమ్మ రోడ్డు మీదే అటూ ఇటూ తిరిగింది. తన భర్తను బతికించుకున్నదీ, తమ్ముడి చేను పోగొట్టిందీ ఒక్క కర్రతోనే. ఎవరితో అనకపోయినా ఆ సంగతి ఆమెను చాలా ఏళ్లు కూర్చోనివ్వలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో మామ కలిసేవాడు, బాగానే మాట్లాడేవాడు. చేను మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

నాయన పోయి కొన్నేళ్లయింది. మంచం మీద, జబ్బు చేసి, మా చేతుల్లోనే పోయాడు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. కిందటి వానాకాలం మామ కూతురు లిడియా ఫోన్ చేసి, మామను తీసుకుని ఊరికి తిరిగొచ్చామని, ఆ చేనులో మళ్లీ మొక్కజొన్న వేశానని చెప్పింది. అమ్మ పోదామంటే పోదామంది.

ఊళ్లో రేషన్ దుకాణం ముందు డబ్బాల వరస లేదు, గ్యాసునూనె ఇవ్వడమే మానేశారు. స్తంభాల మీద కొండ్లు లేవు, సర్కారు పథకంతో చాలా ఇళ్లకు బిల్లు సున్నా వస్తోందట. మేమున్నప్పుడే కరెంటు పోయి వచ్చింది, ఏ పిల్లాడూ అరవలేదు. చింతచెట్టు కొట్టేశారు. ఇప్పపూల కోసం నాయనమ్మతో తిరిగిన చోట జామాయిల్ తోట.

చేను చుట్టూ సన్నటి తీగల కంచె ఉంది, మూలన ఒక సోలార్ పలక. అమ్మ దూరంగానే ఆగిపోయింది.

"ఇది మనిషిని చంపదా?"

"చంపదత్తా" అని నవ్వింది లిడియా. "ఎండతోని నడుస్తది. ముట్టుకుంటే జెర్రున కొట్టి ఇడిసిపెడ్తది, గంతే. పంది మళ్ల ఇటు రాదు."

అమ్మ కాసేపు చూసి, చెయ్యి చాచి కంచె దగ్గరికి నడిచింది. గట్టు మీద కూర్చున్న యోహాను మామ, మోకాళ్ల నొప్పులతో లేవలేని మనిషి, ఎట్లా లేచాడో లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దక్కా. చంపదని నాకూ తెల్సు. అయినా వద్దు."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, మామ వదల్లేదు. "ఆ ఏడు నీ చేనంతా పోయిందిరా" అంది అమ్మ.

"పోతే పోయింది. బావ ఇంటికొచ్చిండు గదా" అన్నాడు మామ, ఒకప్పుడు అడవి ఉన్న వైపు చూపిస్తూ. "గటు నుంచే వచ్చేటోడు."

ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు. నేనూ చూశాను. ఎంత దూరం చూసినా వరసలు వరసలుగా పామాయిల్ చెట్లే, వాటి మధ్య నాయన నడిచిన కాలిబాట ఆనవాలు కూడా లేదు.