సెల్ ఎందుకు చచ్చిపోతుంది?

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని రాయదుర్గంలో మెట్రో దిగిన ప్రతి మనిషీ సాఫ్ట్‌వేరే అని మా మియాపూర్ కాలనీ గట్టి నమ్మకం. నాకూ కార్డు ఉండేది. నీలం తాడు, వెనక బార్‌కోడు, ముందు వైపు ఫొటోలో బెదిరిపోయిన నా మొహం, అన్నీ సక్రమంగానే ఉండేవి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే లేదు. నేను పనిచేసింది ఒక పరిశోధనా కేంద్రంలో. అద్దాల బిల్డింగులో ఒక అంతస్తులో సగం మాది, మిగతా సగం ఏదో బీమా కంపెనీది. మా సగంలో ఇంజినీర్లు, డాక్టర్లు, ప్రభుత్వ విధానాల మీద పెద్ద చదువులు చదివినవాళ్లు ఒకే కాఫీ మిషన్ చుట్టూ తిరుగుతూ, ఎవరి పరిశోధన వాళ్లు చేసుకునేవారు. వాళ్లు రాసిన కాగితాలను సర్దిపెట్టడం నా ఉద్యోగం. డిగ్రీ అవగానే దొరికింది కాబట్టి దాన్ని కలెక్టర్ ఉద్యోగంలా మోసుకు తిరిగేదాన్ని.

మా బాపు మియాపూర్ బస్సు డిపోలో మెకానిక్. ఆయన లెక్కలో పని అంటే కంటికి కనబడాలి. పొద్దున మొరాయించిన బస్సు సాయంత్రానికి కదలాలి. "నువ్వు జేసే పనేంది బిడ్డా?" అని రోజూ అన్నం దగ్గర అడిగేవాడు. "పరిశోధన బాపూ." "దేని మీద?" "అన్నిటి మీద. వంతెనలు, పాముకాట్లు, ఫుట్‌పాత్‌లు, మురుగునీళ్లు, ఆడోళ్లకు రక్తం తక్కువుండుడు." బాపు ముద్ద చేతిలోనే ఆపి, "అన్నీ అంటే ఏదీ గాదన్నట్టే" అనేవాడు. చివరికి ఒకరోజు తేల్చేశాడు. "ఇగ జూడు, ఒక్కపారి నేనే మీ ఆఫీసుకొచ్చి జూస్త. సమజైతే సరే. కాకుంటే మంచిగ బ్యాంకు కోచింగ్ల చేరు." (బ్యాంకు పరీక్షలో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు ఎంతసేపట్లో దాటుకుంటాయని అడుగుతారు. అంతసేపు వాటిని చూస్తూ నిలబడే ఓపిక నాకు లేదు.) బాపుకు నా పని ఎలా చూపించాలా అని నాకు నిద్ర కరువైంది.

అంతలో మా పెద్దసారు, అంటే కేంద్రానికి అధిపతి, ఒక మేళా ప్రకటించాడు. బిల్డింగులో పనిచేసేవాళ్లనూ చుట్టుపక్కల వాళ్లనూ పిలిచి, మా పరిశోధనల గురించి తెలుగులో చెప్పించాలని ఆయన కోరిక. ఎవరు ఏ గదిలో మాట్లాడాలో తేల్చే బాధ్యత నా మీద పెట్టాడు. పెడుతూ ఒక మాట అన్నాడు. "ఇంజినీర్లందరినీ ఒక గదిలో, డాక్టర్లందరినీ ఒక గదిలో కుక్కెయ్యకమ్మా. అలా అయితే ఎప్పటిలాగే ఎవరి గోల వాళ్లదే. వేర్వేరు శాఖల వాళ్లను ముగ్గురేసి కూర్చోబెట్టు. ముగ్గురూ ఒక మాట మీదికి రావాలి."

ఆయన ఉద్దేశం ఏమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నీళ్ల సమస్య అనో, పట్టణ ఆరోగ్యం అనో ఒక ఆలోచన చుట్టూ ముగ్గురినీ కలపమని. అప్పట్లో నాకు అర్థమైంది మాత్రం, మాట అంటే మాటే. అందరి వ్యాసాలనూ కంప్యూటర్లో ఒక్క చోట పోసి, ఏ మాట ముగ్గురిలోనూ ఉందో వెతికాను. దేవుడి దయవల్ల మాటలకు కొదవ లేదు. 'బ్లాక్' అని కొడితే గుండె బ్లాకులు చూసే డాక్టరూ, కాంక్రీటు బ్లాకులు చేసే ఇంజినీరూ, బ్లాకు స్థాయి అధికారుల మీద పరిశోధించే పెద్దమనిషీ దొరికారు. ముగ్గురినీ ఒక గదిలో పడేశాను. నా తెలివికి నేనే మురిసిపోతూ 'సెల్' అని కొట్టాను.

సెల్ కింద మొదట తగిలింది బ్యాటరీ సారు. కాకినాడ వైపు మనిషి, ఎలక్ట్రిక్ ఆటోల్లోని బ్యాటరీ సెల్స్ ఎండకు ఎందుకు పాడవుతాయో చూసేవాడు. రెండోది డాక్టరమ్మ. పాతబస్తీలో పుట్టి పెరిగింది, ఒంట్లోని సెల్స్ మీద, అంటే కణాల మీద పనిచేసేది. మూడోది పాలసీ మేడం. ఆఫీసుల్లో ఆడవాళ్ల కోసం పెట్టే ఫిర్యాదుల సెల్ పేరుకు ఉండి కూడా ఎందుకు పనిచెయ్యదో ఆవిడ పరిశోధన. ముగ్గురి సారాంశాన్నీ న్యాయంగా, ఎవరికీ అన్యాయం జరగకుండా ఒక పోస్టర్ మీద రాసి లిఫ్టు పక్కన అంటించాను. 'సెల్ ఎందుకు చచ్చిపోతుంది? సెల్ ఉండి కూడా ఎందుకు పలకదు? ముగ్గురు నిపుణులు చెబుతారు. అందరూ రావచ్చు. టీ, సమోసా కలదు.' ఈ గదికే రమ్మని బాపుకు చెప్పాను.

మేళా రోజు మిగతా గదుల్లో మాట్లాడేవాళ్లూ, వాళ్ల ఇళ్లవాళ్లూ మాత్రమే కూర్చున్నారు. సెల్ గదిలో కాలు పెట్టే జాగా లేదు. హౌస్‌కీపింగ్ అక్కలు, సెక్యూరిటీ వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, కింద టీ కొట్టాయన, అందరూ వచ్చారు. ప్రజలకు విజ్ఞానం మీద ఇంత ప్రేమ ఉందా అని నా కళ్లు చెమర్చాయి. తరవాత చూస్తే అందరి చేతుల్లోనూ ఫోన్లు. కొందరు చార్జర్లు కూడా తెచ్చుకున్నారు. ఒకాయన అద్దం పగిలిన ఫోన్‌ను రుమాలులో చుట్టి పట్టుకొచ్చాడు. మూడో వరసలో మా బాపు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రబ్బరు బ్యాండు చుట్టిన తన ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, నేనేం రాశానో. బ్యాంకు పరీక్షలోని రెండు రైళ్లూ నా కళ్ల ముందే ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి.

బ్యాటరీ సారు గట్టెక్కాడు. "సెల్ లోపల ఏం జరుగుతుందంటేనండీ, వేడెక్కేకొద్దీ దాని ఆయుష్షు తగ్గిపోద్దండి" అంటే అందరూ తలలూపారు. చార్జింగ్ పెట్టి మాట్లాడొచ్చా అని ఒకరు, దిండు కింద పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగారు. తన ఉపన్యాసానికి అన్ని ప్రశ్నలు రావడం ఆయన జన్మలో ఎరగడు. పొంగిపోయి ఆటోల సంగతే మర్చిపోయాడు. తరవాత డాక్టరమ్మ లేచింది. "సెల్ చచ్చిపోతే మీరు ఫికర్ చెయ్యొద్దు. దినాం చస్తనే ఉంటయ్. చావకపోతేనే పరేషాన్" అంది. ముందు వరసలోని అక్క చెయ్యెత్తింది. "గట్లంటరేంది మేడం, నాది పొద్దుగాల చార్జింగ్ పెడితే పగటీలికే చస్తది. మా ఆయన ఫోన్ జేస్తే కలుస్తలేదని లొల్లి."

డాక్టరమ్మ ఆ అక్క చేతిలోని ఫోన్ చూసింది, గదిలో ఉన్న ఫోన్లన్నీ చూసింది, గోడవారన నిలబడ్డ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "అది కాదమ్మా, నేను చెప్పేది మన ఒంట్ల సెల్స్. మన ఒళ్లంత గవ్వే. పాతవి చచ్చిపోతయ్, కొత్తవి వస్తయ్. పాతది చావకుంట మొండికేసి పెరుగుతనే ఉంటే, అదే గడ్డ. నొప్పి లేదు గదా అని ఊకోవద్దు, జర దవాఖానకు పోయి చూపించుకోండ్రి." ఆ మాటకు బాపు ఒళ్లోని ఫోన్‌ను జేబులో పెట్టేయడం చూశాను. విసుగొచ్చి లేచిపోతాడేమో అనుకున్నాను. ఆ తరవాత పాలసీ మేడం ఏమీ తడబడలేదు. "మీ దగ్గర ఫిర్యాదుల సెల్ ఉందా?" అంటే హౌస్‌కీపింగ్ అక్కలు ముక్తకంఠంతో, "గోడ మీద నంబరుంది మేడం, జేస్తే ఎవ్వరు ఎత్తరు" అన్నారు. ఆవిడ పరిశోధన సారాంశమంతా అదే.

అందరూ సమోసాల మీద పడ్డాక, వెనక నిలబడి ఇదంతా చూసిన పెద్దసారు నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. అదే సమయంలో బాపు డాక్టరమ్మ వైపు నడవడం మొదలుపెట్టాడు. ఫోన్ బాగుచెయ్యమని ఆవిడను అడుగుతాడని భయపడ్డాను. పెద్దసారును వదిలేసి బాపు వెనక పరిగెత్తాను. బాపు ఫోన్ తియ్యలేదు. చొక్కా కాలరు కిందికి లాగి, చెవి కింద వేలు పెట్టి చూపించాడు. "అమ్మా, ఇది చాన రోజుల సంది ఉన్నది. నొప్పి లేదని ఊకున్న. ఇది చావనిదేనా?"

నిమ్మకాయంత గడ్డ. ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటూ నేను చూడలేదు. పాముకాట్ల నుంచి ఫుట్‌పాత్‌ల దాకా అన్నీ సర్దిపెట్టిన దాన్ని. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, కాఫీ మిషన్ పక్కన నిలబడి ఏడ్చాను. డాక్టరమ్మ మాత్రం బాపు మెడ నిమిరి చూసి, ఏ దవాఖానకు పోవాలో, ఎవరిని కలవాలో చెప్పింది. పెద్దసారు నన్ను అడగాలనుకున్నది అడగకుండా వెనక్కి తిరిగి, రెండు కప్పుల టీ తెచ్చి మాకిద్దరికీ ఇచ్చాడు.

అది చెడ్డ గడ్డ కాదని తేలింది. వదిలేస్తే చెడ్డదయ్యే రకమేనట. ఆపరేషన్ చేసి తీసేశారు. కుట్లు విప్పించుకుని ఇంటికి వస్తుంటే మెట్రోలో బాపే మొదలుపెట్టాడు. "ఇప్పుడు సమజైంది బిడ్డా నీ పని." "ఏం సమజైంది బాపూ?" "మీది సెల్ రిపేర్ ఆఫీసు. బండ్లయి, మనుషులయి, ఆఫీసులయి, ఏ సెల్ ఖరాబైనా మీరు జూస్తరు. ఇగ కోచింగ్ ముచ్చట బంద్." నేను సరిదిద్దలేదు. సరిదిద్దితే మళ్లీ రైళ్లు ఎదురొస్తాయి.

ఇన్నేళ్ల తరవాత కూడా నేను అదే పనిలో ఉన్నాను. ఇప్పుడు నా హోదా పేరు విజిటింగ్ కార్డులో రెండు వరసలు పడుతుంది. ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలో ఆలోచనలను బట్టే తేలుస్తాను, చాలా పద్ధతిగా. మా గదులు ఎప్పుడూ నిండవు. అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా కంప్యూటర్లో ఒక మాట కొట్టి, ఎవరెవరు దొరుకుతారా అని చూసుకుంటాను. ఆ బెదురు మొహం పిల్ల చేసిన పొరపాటు చెయ్యడానికి ఇప్పుడు నాకు తెలివి అడ్డం వస్తుంది. మీ బిడ్డ ఏం చేస్తదని కాలనీలో ఎవరైనా అడిగితే బాపు చెవి కింద సన్నటి గీతను వేలితో ఒకసారి తడుముకుని, "సెల్ రిపేర్" అంటాడు. వాళ్లు వెంటనే తమ ఫోన్లు నా చేతిలో పెడతారు. తీసుకుని, ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి ఇస్తాను. చాలావరకు పనిచేస్తాయి.