భుజం మీది కండువా

పాకాల దగ్గరి మా ఇంటి హాలులో సినిమా తీసుకుంటామని మద్రాసు నుంచి చాలామందే అడిగారు. మా నాయన ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఒప్పుకోలేదు. ఆయన పోయాక నేను ఒక్కరికే ఒప్పుకున్నాను. అద్దె మాట ఎత్తనివ్వలేదు. భూములు పోయాయి గాని, ఇల్లు బాడుగకిచ్చే గతి మాకు పట్టలేదు. షరతు మాత్రం పెట్టాను. కథలోని జమీందారు మా తాతలా ఉండాలి. నిటారుగా నడిచొచ్చి, ఎవరివైపూ చూడకుండా, ఉయ్యాల బల్ల మీద కూర్చోవాలి.

అడిగినవాడు మా ఊరివాడే. అతని నాయన మా పొలం కౌలుకు చేసేవాడు. అతను మద్రాసు వెళ్ళి, ముఖం సరిగా కనబడని వేషాలతో మొదలుపెట్టి, రాజులూ జడ్జీలూ తాగుబోతులూ అన్నీ వేసి పెద్ద నటుడయ్యాడు. తర్వాత సొంతంగా తీసిన మొదటి సినిమా పోయింది. ఈ రెండోదానికి నిర్మాతా దర్శకుడూ జమీందారూ అన్నీ తనే. ఇదీ పోతే మళ్ళీ ఇంకొకరి సినిమాలో వేషం అడుక్కోవాల్సిందేనని అతనే నాతో అన్నాడు.

షూటింగు రోజు పట్టు పంచె కట్టి, జరీ కండువా వేసి, మా తాత ఫోటో చూసి పెట్టించుకున్న మీసంతో వాకిట్లోంచి నడిచొచ్చాడు. వంటింటి గడప మీద కూర్చున్న మా అమ్మ, మామగారే వస్తున్నట్టు, లేచి నిలబడింది.

తీరా బల్ల దగ్గరికొచ్చేసరికి ఏదో చెడింది. అంచున ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. తనే ఆపమన్నాడు. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. కెమెరా అతను బాగానే ఉందంటాడు. ఇతను తల అడ్డంగా ఊపుతాడు.

"సినిమాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఏలినోడు మన బల్ల మీద కూసోలేకుండా ఉండాడే!" అంది మా అమ్మ. లైట్లు పట్టుకున్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

నాకు కారణం తెలిసిపోయింది. కౌలుకు చేసేవాళ్ళెవరూ మా హాలులో భుజం మీద తువ్వాలుతో నిలబడేవాళ్ళు కాదు. గడప దాటగానే తీసి చంకలో పెట్టుకునేవాళ్ళు. వాళ్ళకలా చెప్పినవారెవరూ లేరు, అది వాడుక. నలుగురిలో అనడం మర్యాద కాదని అతన్ని వసారాలోకి పిలిచాను.

"తప్పు బల్ల దగ్గర లేదప్పా. నీ చెయ్యి సూసుకో. వచ్చిన ప్రతిసారీ కండువా చంకలో పెట్టుకుంటా ఉండావు."

అప్పుడూ అక్కడే ఉంది కండువా. అతను దాన్ని చంకలోంచి తీసి చూసుకున్నాడు.

"ఇది మా నాయన చెయ్యి సామీ" అన్నాడు. "ఇన్నేండ్లు మద్రాసులో ఎవురూ పట్టుకోలేదే!"

"భుజానికి పిన్ను గుచ్చుకో. సరిపోతుంది."

"వద్దు సామీ. ఈ చెయ్యినే సినిమాగా తీస్తా. జమీందారు వద్దు. ఈ ఇల్లు కొనుక్కున్న కౌలుదారు కొడుకు వేషం వేస్తా. ఇల్లు వాడిదే, చేతికి మాత్రం ఇంకా తెలీలా."

"మరి మా తాత?"

"ఉండడు. మీరు కాదంటే పిన్నే గుచ్చుకుంటా."

నేను కాదంటే నిజంగా గుచ్చుకునేవాడే, మాట తప్పే మనిషి కాదు. మా ఇల్లు ఎవడో కొన్నాడన్న కథను మా హాలులోనే తీయడం నాకు మింగుడు పడలేదు. కానీ పిన్ను గుచ్చుకుని నడిస్తే అది వేషం. చంకలో కండువాతో వచ్చినవాడు మాత్రం నేను చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి. అది నా కళ్ళతో చూశాక కాదనడానికి నోరు రాలేదు.

"సరే, తీసుకో" అన్నాను. "మీసం మాత్రం పీకెయ్. అది మా తాతది."

అక్కడే, నా ముందే పీకేశాడు.

ఆ సినిమా ఆడింది. ఆ తర్వాత అతనికి దర్శకుడిగానే ఎక్కువ పేరొచ్చింది. చిత్తూరులో ఆడుతుంటే అమ్మను తీసుకెళ్ళాను. తెరమీద అతను మా హాలులోకి వచ్చి, కండువా తీసి చంకలో పెట్టుకుని, తన సొంత బల్ల అంచున కూర్చున్నాడు. మా అమ్మ థియేటర్లో అందరికీ వినబడేటట్టు అంది:

"లోపలికి జరిగి కూసో నాయనా."