ఒకటో తరగతి కిందికి దిగిన సంగతి

ఆ బడిలో ఆవిడని టేపు టీచరు అంటారు. కుట్లు నేర్పే మనిషి కాబట్టి కొలతల టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతూనే ఉంటుంది. దర్జీ కూతురు. కొలత తీయకుండా కత్తెర ముట్టుకుంటే తండ్రి వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడట. ఆ అలవాటు బట్టల దగ్గరే ఆగిపోలేదు. పెళ్ళికి ముందు తనని కూడా కళ్ళతోనే కొలిచేసిందని భర్త నలుగురిలో అంటుంటాడు. ఆవిడ కాదనదు.

బడిలో కుట్టు పీరియడంటే అందరికీ లోకువ. లెక్కలు మిగిలిపోయినా, సైన్సు మిగిలిపోయినా కోత పడేది దానికే. టైమ్‌టేబుల్ వేసే డ్రాయింగు మాస్టారు రిటైరయ్యాక ఆ పని ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. మాస్టర్లందరూ ఫ్యాను వంక చూశారు, హెడ్మాస్టరు ఆవిడ వంక చూశాడు.

"మీకు కాస్త ఖాళీ ఉంటుంది కదమ్మా" అన్నాడు.

ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకుంది. ఎనిమిదేళ్ళుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి ఒకటుంది మరి.

ఒకటో తరగతి రెండో అంతస్తులో ఉండేది. కుళాయిలూ మరుగుదొడ్లూ కింద. మధ్యలో నలభై నాలుగు మెట్లు. పదో తరగతి మాత్రం కింద, ఆఫీసు పక్కన, దర్జాగా. ఎందుకలా అంటే, కొత్తలో రంగులు వేసినవాడు కారినా నష్టం లేకుండా పై నుంచి మొదలుపెట్టాడు. ఆ వరసలోనే తలుపులకి నంబర్లు కూడా వేసుకుంటూ దిగాడు. పై చివరి గది ఒకటయింది, కింద గది పదయింది. ఆఫీసువాళ్ళు ఒకటో గదికి ఎదురుగా ఒకటో తరగతి, పదో గదికి ఎదురుగా పదో తరగతి అని రిజిస్టర్లో రాసి పెట్టుకున్నారు. బ్రష్షు పట్టుకున్నవాడి సౌకర్యం ఆరేళ్ళ పిల్లల తలరాత అయి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే, నంబరు మీద మనవాళ్ళకున్న భక్తి అలాంటిది.

టేపు టీచరు ముందు మెట్టు కొలిచింది. ఏడంగుళాలు. పిల్లల మోకాలి ఎత్తు కొలిచింది. పన్నెండు. ఒకటో తరగతి మొత్తం నీళ్ళకి దిగి మళ్ళీ పైకి చేరడానికి పదిహేడు నిమిషాలు. పీరియడే నలభై నిమిషాలు. ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

"వాళ్ళ కాళ్ళకి ఆ మెట్టంటే, మన కాళ్ళకి అడుగు ఎత్తు మెట్టన్నమాట సార్. అలాంటివి నలభై నాలుగుంటే మీరు రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతారు?"

"పదో తరగతి నా కళ్ళెదురుగా ఉండాలమ్మా. పైగా రిజిస్టరంతా నంబర్ల ప్రకారం ఉంది."

అక్కడే ఉన్న లెక్కల మాస్టారు అందుకున్నాడు. "టెన్త్ అంటే బడికి మొహం టీచరుగారూ. మొహాన్ని తీసుకెళ్ళి అటక మీద పెడతారా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ కాగితం మడిచి బయటికొచ్చింది.

టైమ్‌టేబుల్ వేసేవాళ్ళ చేతిలో ఒక చిన్న చీటీ ఉంటుంది. ఎవరైనా సెలవు పెడితే ఆ తరగతికి ఎవరు వెళ్ళాలో పొద్దున్నే రాసిచ్చే చీటీ. ఆ నెలలోనే ఒకటో తరగతి టీచరు చెల్లెలి పురుడని అయిదు రోజులు సెలవు పెట్టింది. చీటీలో లెక్కల మాస్టారి పేరు పడింది. ఒకటో తరగతి, మూడో పీరియడు, అయిదు రోజులూ.

"టెన్త్‌కి చెప్పేవాణ్ణి ఒకటికి వేస్తారా?"

"మూడో పీరియడు మీకు ఖాళీయే సార్. లెక్క సరిగ్గానే ఉంది, చూసుకోండి."

మొదటిరోజు ఒకడికి దాహం వేసింది. వాడికి వేసేసరికి ముప్పైమందికీ వేసింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, గోడ పట్టుకుని, లేసులు ఊడదీసుకుంటూ దిగారు. కింద లెక్కపెడితే ఇరవై తొమ్మిది. ముప్పయ్యోవాడు మలుపు దగ్గర కూర్చుని చీమల్ని చూస్తున్నాడు. అందర్నీ పైకి చేర్చేసరికి బెల్లు మోగింది. రెండోరోజు ఎవర్నీ కదలనివ్వలేదు. ఫలితంగా ఆయమ్మ బకెట్టుతో పైకి రావాల్సొచ్చింది. మూడోరోజు ఇద్దర్ని చంకలకెత్తుకుని దిగాడు.

"క్లాసు కాదండీ అది, కప్పల తక్కెడ" అని స్టాఫ్ రూములో కూలబడ్డాడు. టేపు టీచరు తల వంచుకుని కాజాలు కుట్టుకుంటోంది. నవ్వు కనబడకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

నాలుగోరోజు ఆయన ఓ మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చి ఆవిడ ముందు పెట్టాడు. సీసా నిండా నీళ్ళున్నాయి.

"మొదటి బెంచీ పిల్లది. ఎందుకు తాగలేదే అంటే, తాగితే ఒంటేలుకి కిందికెళ్ళాలి కదా సార్, మెట్లమీద పడతానని అమ్మ తాగొద్దంది, అంటోంది. మిగతావాళ్ళవీ చూశాను. సగం సీసాలు ఇలాగే ఉన్నాయి."

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. మెట్లు కొలిచింది, మోకాళ్ళు కొలిచింది, నిమిషాలు కొలిచింది. పిల్లల దాహం సంగతి తనకి తట్టనేలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనమీద తనకే కోపం వచ్చింది.

"పదండి" అన్నాడు లెక్కల మాస్టారు.

హెడ్మాస్టరు సీసా వంక చూశాడు, వాళ్ళిద్దరి వంక చూశాడు. లేచి తనే రెండో అంతస్తుకి వెళ్ళాడు. పావుగంట తర్వాత ఆయాసపడుతూ దిగి కుర్చీలో కూర్చున్నాడు.

"మరి నంబర్లు?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"గది నంబరు గదికే ఉండనివ్వండి సార్. పిల్లల్ని దించుదాం. రిజిస్టర్లో రెండు గీతలు కొడితే సరిపోతుంది."

ఆ గీతలు ఆయనే కొట్టాడు.

శనివారం మధ్యాహ్నం పదో తరగతివాళ్ళు చిన్న బెంచీల్ని కిందికి మోశారు, తమ పెద్ద బెంచీల్ని పైకి చేర్చుకున్నారు. టేపు టీచరు చీరకొంగు నడుముకి దోపి, ఏ బెంచీ ఎక్కడ పడాలో చెబుతూ బడినంతా ఆడించింది. ఎనిమిదేళ్ళుగా కుట్టు పీరియడు కోసేసిన మాస్టర్లు కూడా "ఇది ఎటు టీచరుగారూ?" అని అడిగి మరీ మోశారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ గొంతు ఇంకాస్త పెరిగింది. పైన కిటికీలు తెరిచాక లెక్కల మాస్టారికి గాలి తగిలింది. వీధి గోల లేదు. ముందే చెప్పొద్దూ అన్నట్టు ఆవిడ వంక చూశాడు. చెప్పాను కదా అన్నట్టు ఆవిడ చూసింది.

సోమవారం మూడో పీరియడులో ఆవిడ వరండాలో నిలబడింది. నీళ్ళకి వదిలారు. ముప్పైమంది గుమ్మం దాటి కుళాయిల దగ్గరికి పరిగెత్తారు. ఎవరూ గోడ పట్టుకోలేదు. కడుపునిండా తాగి, మొహాలు తడుపుకుని, మళ్ళీ బెంచీల్లోకి వచ్చి కూర్చునేసరికి నాలుగు నిమిషాలు.

కాసేపటికి ఒకటో తరగతి టీచరు చేతిలో సుద్దముక్కతో, ఏం తోచనట్టు బయటికొచ్చింది.

"అక్కా, పాఠం అయిపోయింది. బెల్లుకి ఇంకా పది నిమిషాల పైనే ఉంది. ఏం చెయ్యను?"

"ఆ పది నిమిషాలూ వాళ్ళవి. వాళ్ళనే అడుగు" అంది టేపు టీచరు.

లోపలికెళ్ళి అడిగింది. ముప్పైమందీ ఒక్కసారిగా చెప్పిన జవాబు రెండో అంతస్తు దాకా వినిపించింది.