వాగులో పోని దండ

నేను ఇన్నేళ్లుగా మోస్తున్న బరువును తూకం వేస్తే తులమున్నర కూడా ఉండదు. బంగారు గుండ్లు, మధ్యలో రెండు పగడాలు, వాటిని గుచ్చిన నల్లటి దారం. పిడికిట్లో పట్టేస్తుంది. అది నాది కాదు. నాది కాదని తెలిసే దాచుకున్నాను. ముందూ వెనకా చెప్పుకుంటూ మెల్లగా ఈ మాట దగ్గరికి రావాలనుకున్నాను గానీ, అలా చేస్తే దారిలో ఏదో ఒక సాకు దొరుకుతుంది. సాకులు వెతకడంలో నేను గట్టిదాన్ని.

నా పేరు చెప్పను. చెబితే మా ఆయన పేరు కూడా బయటికొస్తుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. చూశారా, మొదటి సాకు అప్పుడే వచ్చేసింది.

మా ఆయన పాస్టరు. నేను పాస్టరమ్మను. కారేపల్లి దాటి ఇంకా లోపలికి పోతే, పత్తి చేలు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట మా ఊరు. రేకుల మందిరం, దాని వెనక గోడకు ఆనుకుని మా రెండు గదుల ఇల్లు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్లు వాగులో దిగేముందు ఒంటి మీది నగలన్నీ తీసేస్తారు. మళ్లీ పెట్టుకోరు. తీసినవాటిని ఒడ్డున నిలబడ్డ పాస్టరమ్మ చేతికిస్తారు. నేను వాటిని కొంగుకు ముడేసుకుని, వాళ్లు నీళ్లలోంచి వచ్చి పొడి చీరలు కట్టుకున్నాక ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తాను. తర్వాత కూతురికి దాస్తారో, అమ్ముకుంటారో వాళ్లిష్టం. ఆ కాసేపు నా కొంగే వాళ్ల బీరువా.

నేనూ అలాగే తీసేసినదాన్నే. మాది ముదిగొండ వైపు, మిర్చి పండించే ఇల్లు. పెళ్లికి ముందు నాకు గొలుసు ఉండేది, గాజులు ఉండేవి. వాటిని తీసి అమ్మ చేతిలో పెట్టిన రోజు ఏడవలేదు. ఎందుకు ఏడవలేదు? భక్తి వల్లనే అని చాలాకాలం నమ్మాను. అందరూ నన్నే చూస్తున్నారు కాబట్టి ఏడవలేదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

మా ఊరికి సెల్ టవర్ వచ్చిన ఏడాది ఖమ్మంలో మా చెల్లెలి పెళ్లి జరిగింది. పెద్ద ఫంక్షన్ హాలు. మా బంధువుల్లో కొందరికి అప్పుడప్పుడే భూముల డబ్బు వచ్చింది, అదంతా ఆడవాళ్ల మెడల్లో కనిపించింది. మా మేనత్త నన్ను పక్కకు లాగి, "ఫొటోల మందమన్న మెడల ఏదన్న వేసుకోవే. బోసిమెడతోని ఏంది గట్ల?" అని తన గొలుసు తీసి ఇవ్వబోయింది. నేను నవ్వి వద్దన్నాను. ఆ వద్దనడంలో ఎంత గర్వం! గొలుసు వేసుకున్నా అంత మురిసిపోయేదాన్ని కాదు.

తర్వాత పెళ్లి సీడీ వచ్చింది. టీవీ వద్దని ప్రసంగించే ఇల్లు మాది, అందుకని పక్కింట్లో వేసుకుని చూశాం. వరుసగా కూర్చున్న ఆడవాళ్ల మెడల మీదుగా కెమెరా నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. నా దగ్గరికి రాగానే గబుక్కున పక్కకు తిరిగింది. అంతే. కళ్లు మూసి తెరిచేంత సేపు. పక్కింటివాళ్లు గమనించను కూడా లేదు. నేను మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. లోకాశ గురించి ఆడవాళ్ల కూడికల్లో గంటలు గంటలు చెప్పేదాన్ని, కెమెరా మొహం తిప్పుకుంటే ఇంతగా కుంగిపోయానా?

ఆ వానాకాలంలోనే మంగమ్మ బాప్తిస్మం తీసుకుంది. కూలిపని చేసుకునే మనిషి. భర్త రాములు తాపీమేస్త్రి, విశ్వాసి కాదు. ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. మంగమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన గుండ్ల దండ కూతురు సుజాతకు దక్కాలి, సంఘానికి ఇవ్వడానికి వీల్లేదు. దండ నా కొంగున కట్టేటప్పుడు మంగమ్మ ఆ మాట నాతో చెప్పింది కూడా. ఆమె నీళ్లలోంచి లేచి వెక్కివెక్కి ఏడుస్తుండగానే పెద్ద వాన కొట్టింది. అందరం ట్రాక్టర్ వైపు పరుగెత్తాం. ఇంటికొచ్చి తడిచీర మార్చుకుంటుంటే కొంగు ముడి చేతికి తగిలింది. నిజంగానే మరిచిపోయాను. అంతవరకు నా తప్పు లేదు.

మా ఆయన మందిరంలో తడిసిన చాపలు ఆరవేస్తున్నాడు. గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి దండ మెడలో వేసుకున్నాను. ఊరికే, ఒక్కసారి. తీయబుద్ధి కాలేదు. జాకెట్టు లోపలికి తోసేసి వంటపనిలో పడ్డాను.

తెల్లారి మంగమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి అది ఇంకా నా మెడలోనే ఉంది.

"అమ్మా, నిన్న వాన గడబిడల దండ అడుగుడు మర్చిన. ఇస్తరా?"

తీసివ్వాలంటే ఆమె కళ్ల ముందే నా మెడలోంచి తీయాలి. ఒక్క నిమిషం ఆగమని లోపలికి పోయి తీసుకొస్తే సరిపోయేది. ఇప్పుడు ఎంత సులువుగా తోస్తోందో! అప్పుడు తోచలేదు. నోరు దానంతటదే మాట్లాడింది.

"నీకే ఇచ్చిన గద మంగమ్మా. ఒడ్డు మీద, నువ్వు జుట్టు పిండుకుంటుంటె చేతిల పెట్టిన."

"నా చేతికా?" ఆమె తన అరచేయి తిప్పి చూసుకుంది. "నాకు యాదికి లేదమ్మా."

"ఏడ్చుకుంట ఉంటివి. యాది ఎట్లుంటది?"

మంగమ్మ తల ఊపింది. "అవ్, నిజమే. మీరు ఇచ్చిన్రంటే ఇచ్చినట్టే. నేనే నీళ్లల్ల ఇడిసిపెట్టినట్టున్న. ఆయనకు ఏం చెప్పాలెనో."

ఆమె నాతో గొడవ పడి ఉంటే బాగుండేది. అనుమానంగా ఒక్క చూపు చూసినా బాగుండేది. తన కళ్లతో చూసినదానికంటే నా మాటనే ఎక్కువ నమ్మింది. దొంగతనం ఒకటి, ఆమె జ్ఞాపకాన్ని ఆమెకే కాకుండా చేయడం ఇంకొకటి. రెండోదే పెద్దదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం, దేవుడు తమకు చేసినదాన్ని అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ మంగమ్మ లేచి నిలబడింది. నగలు పైకి వదిలేసినా బిడ్డకిస్తానన్న ఆశ మనసులో దాచుకున్నాననీ, ఆ ఆశను కూడా దేవుడు వాగులో తీసేసుకున్నాడనీ, ఇప్పుడు తేలికగా ఉందనీ చెప్పింది. మందిరమంతా ఏడ్చింది. ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నానేమో కూడా.

మా ఆయనకు ఆ సాక్ష్యం బాగా పట్టుకుంది. ఎక్కడ సభలు జరిగినా దాన్నే చెప్పేవాడు. బండికి ప్రార్థన చేయండి, ప్లాటుకు ప్రార్థన చేయండి అని జనం వరుస కట్టే రోజుల్లో, ఇలాంటి మనిషి మా సంఘంలో ఉందని చెప్పుకోవడం ఆయనకు గొప్ప. ఒకసారి ఎర్రుపాలెం సభలకు పోతే, ఎవరో వేరే ఊరి పాస్టరు ఆ కథను కళ్లనీళ్లతో నాకే వినిపించాడు. నేను తల ఊపుతూ విన్నాను.

రాములుకు మాత్రం ఆ సాక్ష్యం రుచించలేదు. "మీ దేవునికి నా బిడ్డ సొమ్మే దొరికిందా?" అని మందిరం ముందే నిలదీశాడు. వాగు సన్నబడ్డాక, ఇళ్లు కట్టేచోట ఇసుక జల్లించే జల్లెడ తీసుకుని బయల్దేరాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒడ్డు పొడుగునా జల్లించాడు. జనం నవ్వారు. మరుసటి ఎండాకాలం మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాతి ఎండాకాలం కూడా. వాగుమీద వంతెన దాటేటప్పుడు ఆటోలో నేను ఎప్పుడూ అతను కనబడని అవతలి పక్కనే కూర్చునేదాన్ని.

దండను ఎక్కడ దాచానో చెబితే నన్ను అసహ్యించుకుంటారు. చెబుతాను. మా సంఘంలో ఆడవాళ్లు వండుకునే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసి, శనివారం తెచ్చి పాస్టరు ఇంటి డబ్బాలో పోస్తారు. ఆ డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి పెట్టాను. శనివారం శనివారం మంగమ్మ వచ్చి తన దండ మీద తన బియ్యమే పోసి వెళ్లేది. ఆ బియ్యమే మేం వండుకుని తినేవాళ్లం.

మా ఆయన ఇళ్లు దర్శించడానికి వెళ్లిన మధ్యాహ్నాల్లో తలుపు గడియ పెట్టి దాన్ని వేసుకునేదాన్ని. సంతోషంగా ఉండేదా? ఉండేది. అబద్ధం చెప్పను. అద్దంలో ఆ ఎర్రటి పగడాలు చూసుకుంటే నేను మళ్లీ మా నాన్న ఇంటి పిల్లనైపోయేదాన్ని. రానురాను ఆ సంతోషం పోయింది. గడియ పెట్టుకోవడం మాత్రం మిగిలింది. దండ డబ్బాలోంచి తీయకపోయినా గడియ పెట్టి మంచం మీద కూర్చునేదాన్ని, ఎవరో వస్తున్నట్టు చెవులు రిక్కించి.

తిరిగి ఎందుకివ్వలేదు? ఇప్పుడు చెబితే మంగమ్మ విశ్వాసం ఏమైపోతుంది, దేవుడు తీసుకున్నాడని నమ్మి నిలబడ్డ మనిషిని నేనెలా పడగొట్టను, అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఎంత చక్కటి సాకో చూడండి, వాక్యంలా ఉంది. నేను కాపాడింది ఆమె విశ్వాసాన్ని కాదు, నా పేరును. పాస్టరమ్మ అన్న పిలుపును. దండ కంటే ఆ పిలుపే నాకు ప్రియమైన నగ. దాన్ని మాత్రం ఏ వాగు ఒడ్డునా తీయలేదు.

సుజాత పెద్దదైంది. ఖమ్మంలో నర్సింగ్ చదువుతూ, ఈమధ్య సెలవులకు వచ్చి బాప్తిస్మం తీసుకుంటానంది. అదే వాగు. తెల్లచీరలో ఒడ్డున నిలబడి చెవుల కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంకెవ్వరికి ఇయ్యకు, పాస్టరమ్మకే ఇయ్యమన్నదమ్మా మా అమ్మ. ఆమె చేతిల పెడితే బ్యాంకుల పెట్టినట్టే అన్నది."

ఈసారి కొంగున ముడి వేయలేదు. కమ్మలు పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల నీళ్లలోంచి రాగానే, తడిచేతిలోనే, అందరికీ కనబడేలా పెట్టేశాను. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు. మంగమ్మ నవ్వుతోంది.

తర్వాతి శనివారం మంగమ్మ బియ్యం తెచ్చింది. ఎప్పటిలాగే డబ్బాలో పోసింది. నేను ఆమె ముందే ఆ బియ్యంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగున ఉన్న గుడ్డను పైకి లాగాను. విప్పాను. నువ్వు నాకే ఇచ్చావు, నేను నీకు ఇవ్వలేదు అన్నాను. ఇంకా చాలా చెప్పాలని కూడబెట్టుకున్నాను గానీ, చెప్పవలసింది అంతే ఉంది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. దండను కొంగున కట్టుకుని ముడిని గట్టిగా లాగి చూసింది. మళ్లీ లాగి చూసింది. నా ఇంట్లో నిలబడి ఆమె అలా చూసుకోవడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర ఆగి ఒకే మాట అంది. "ఆయన మోకాళ్లు ఖరాబైనయమ్మా."

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. ఆదివారం మంగమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. మొన్న శనివారం బియ్యమూ రాలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే, పాస్టరమ్మ అడిగింది కదా అని క్షమించేస్తుందేమోనని భయం వేసింది.

వాళ్లిద్దరికీ చెప్పాక మీకెందుకు చెబుతున్నానంటే, ఆ సాక్ష్యం నాకంటే చాలా దూరం ప్రయాణించింది. వెనక్కి పిలవలేను. ఏదో ఒక సభలో, ఏదో ఒక ఊళ్లో, వాగుకు తన బంగారాన్ని వదిలేసిన సహోదరి గురించి మీరు విని ఉండవచ్చు. కళ్లు తుడుచుకుని కూడా ఉండవచ్చు. వాగు ఏమీ తీసుకోలేదు. దేవుడూ తీసుకోలేదు. నేను తీసుకున్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం. మా ఆయన ఊళ్లోకి వెళ్లాడు. తలుపు బార్లా తీసే ఉంది, ఎవరొచ్చినా రావచ్చు.