పాలమూరు బస్సు మీద పోల్

పొడుగాటి సామానుతో పాలమూరు దాకా బస్సులో పోయేవాళ్ళకు ముందే ఒక మాట. బస్సు ఆగినప్పుడల్లా దిగి పైకి చూడండి. నేను చూడలేదు, హాయిగా కునుకు తీశాను.

మా తమ్ముడి బిడ్డ అనిత కేతేపల్లి బడిలో పదో తరగతి. దానికి పోల్ వాల్ట్ పిచ్చి, పొడుగు కర్ర ఊతంగా ఎత్తు దూకే ఆట. రాష్ట్ర పోటీలు పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో పడ్డాయి. గొర్ల వెంట ఊళ్ళు తిరిగే మా తమ్ముడు ఒకటే మాటన్నాడు: ఈసారి జాతీయ పోటీలకు సెలెక్ట్ కాకుంటే ఆట బంద్, మంద వెంట రావాలి. తల్లి ఇల్లు విడిచి రాలేదు కాబట్టి తోడుగా నేను బయల్దేరాను.

పొద్దున ఏడింటికి నల్లగొండలో బస్సెక్కాం. పోల్‌కు దెబ్బ తగలకుండా మా మరదలు పాత గొంగడి చుట్టి, ఉన్ని తాడుతో కట్టింది. టాపు మీద అప్పటికే ఎవరో గొర్లకాపరుల గడలున్నాయి, మందకు వల కట్టేవి. కండక్టరు మా పోల్‌నూ వాటి పక్కనే పెట్టించి లగేజీ టికెట్ కొట్టాడు.

దారి పొడుగునా అనిత పోలండ్ ఛాంపియన్ ఒకాయన కథ చెప్పింది. చిన్నప్పుడు ఎక్కడ దూకాడు, ఎన్నిసార్లు కాలు బెణికింది, మొదటి పతకం ఎట్లా వచ్చింది. మా మేనమామల పేర్లు దానికి సరిగా రావు గానీ ఆయన జీవితమంతా నోటికొచ్చు. దేవరకొండలో ఇడ్లీ తిన్నాం. డిండి దాటాక కాపరులు దిగారట, నేను చూడలేదు. కల్వకుర్తిలో చాయ్ తాగుతుంటే అనిత పైకి చూసి గ్లాసు కింద పెట్టేసింది. పోల్ లేదు.

కాపరులు తమ గడలతోపాటు దించుకున్నారని కండక్టరు చెప్పాడు. పోటీ మర్నాడు పొద్దున. ఇంకొకరి పోల్ అడుగుదామంటే, అది దూకేవాళ్ళ బరువును బట్టి ఉంటుందట. ఆటో కిరాయికి మాట్లాడుకొని వెనక్కి తిరిగాం. అనిత ఆటోలోంచి తల బయటపెట్టి మందల కోసం వెతికింది. నాకైతే ఒకటే భయం: గడల కొలతకు నరికేసి ఉంటారేమోనని.

డిండికి ఇవతల ఒక మెట్ట చెలక పక్కన, రోడ్డు మీదనే, ఒక ముసలి కాపరి పోల్‌ను నిలువుగా పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఉన్ని ముడి జూసి మాదే అనుకున్నం బిడ్డా. పాతుదామని లేపితే తేలిగ్గున్నది. పరాయి కట్టె మందల పాతద్దు. ఎతుక్కుంట వస్తరని గిక్కడ నిలవడ్డ."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన ముందే ఏడ్చేశాను, సిగ్గేమీ అనిపించలేదు. గొంగడి విప్పి చూసుకున్నాం, గీత కూడా పడలేదు. ముంతలో మజ్జిగ ఇచ్చి ఆయన అనితను అడిగాడు:

"గిది పట్టుకొని గంత ఎత్తు దుంకి ఏం తెస్తవ్ బిడ్డా?"

"ఏం తేను తాతా. అవతల పడత."

ఆయన నవ్విన నవ్వుకు గొర్లు బెదిరాయి.

పొద్దు గూకే వేళకు మహబూబ్‌నగర్ చేరాం. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది బాగానే ఉంది గానీ పోల్ పట్టలేదు. మేనేజరు వరండాలో జాగా చూపించాడు.

మర్నాడు, సెలెక్ట్ కావాలంటే దాటాల్సిన ఎత్తు దగ్గర అనిత రెండుసార్లు కడ్డీని పడేసింది. మిగిలింది ఒక్కసారే. నేను కళ్ళు మూసుకున్నాను. జనం చప్పట్లు కొడితే తెరిచాను. అది పరుపు మీద వెల్లకిలా పడి పైకి చూస్తోంది. కడ్డీ కదలకుండా ఉంది. మూడో స్థానం వచ్చింది, సెలెక్ట్ అయింది.

తిరుగు ప్రయాణంలో ప్రతి స్టాపులో దిగి చూశాను, కండక్టరు నవ్వుకున్నా సరే. చేసిన ప్రయాణాల్లో ఇంత భయపడిందీ, ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నదీ ఇదొక్కటే. పోయిన వస్తువుకు ఎవరో కాపలా నిలబడి ఉంటారని ఈ వయసులో తెలిసింది.

దేవరకొండ దగ్గర మా తమ్ముడి ఫోన్ కలిసింది. దెబ్బలేమన్నా తాకినయా అని ముందు అడిగాడట. లేదంది అనిత. సెలెక్ట్ అయిన సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి నా వైపు చూసింది. గొర్ల అరుపుల మధ్య మా తమ్ముడి గొంతు వినిపించింది.

"అయితే గా కట్టెను పైలంగ తీస్కరా బిడ్డా," అన్నాడు.