రెండో తరగతి కిందికి దిగిన ఏడాది

మా అమ్మాయికి ఏడో ఏడు నడుస్తున్న వేసవిలో దగ్గు పట్టుకుంది. గజపతినగరంలో మాకు చిన్న కిరాణా కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. అందులో మేమిద్దరం, మా అమ్మ, అమ్మాయి, దాని తమ్ముడు. ఐసు తిన్నదనీ, దుమ్ము పడలేదనీ తలా ఒక మాట అన్నారు. ఊళ్లో డాక్టరు ఉబ్బసమని సిరప్ ఇచ్చాడు. తగ్గలేదు. తొక్కుడుబిళ్ల ఆడుతూ నాలుగు గెంతులు వేసి, కొట్టు మెట్టు మీద కూలబడిపోయేది. ఒకరోజు దానికి చెప్పులు తొడుగుతూ నా భార్య కేకేసింది.

"ఏటండీ, ఓసారిలా రండి. దీని కాళ్లు సూడండి. సెప్పు పట్టడం లేదు."

వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

విజయనగరంలో ఎక్స్‌రే తీసిన డాక్టరు వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లమన్నాడు. అక్కడ పిల్లల గుండె డాక్టరమ్మ స్కాన్ చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. గుండెకు చిల్లు లేదు. జబ్బు గుండె కండరానిది. అది సాగిపోయి, సత్తువ తగ్గి, రక్తాన్ని గట్టిగా తోయలేకపోతోంది. అందుకే ఒంట్లో నీరు చేరుతోంది.

"ఎంత పెద్ద ఆపరేషనయినా సేయిస్తానమ్మా" అన్నాను.

"కోసి బాగుచేసే జబ్బు కాదండీ. మందులతో గుండె మీద బరువు తగ్గిద్దాం. కొందరు పిల్లలు కోలుకుంటారు. కొందరికి గుండె మార్చాల్సి వస్తుంది. మీ పాప సంగతి ఇప్పుడే చెప్పలేను."

మాత్రలు పొడి చేసి తేనెలో కలిపి నాకించేవాళ్లం. ఉప్పు బాగా తగ్గించాం. రోజంతా తాగాల్సిన నీళ్లు ఒక సీసాలో కొలిచి పోసి ఉంచేవాళ్లం, అంతకు మించి ఇవ్వకూడదు. ఆ ఎండలకి మధ్యాహ్నానికే సీసా ఖాళీ.

"నాన్నా, ఒక్క గుక్క. మరి అడగను."

"సాయంత్రం ఇస్తానే తల్లీ."

మా అమ్మ నా మీద విరుచుకుపడింది. "పిల్లకి గొంతెండిపోతన్నాది. నీకు మనసెలాగ వస్తాదిరా?" అంది గానీ, ఆ రోజు నుంచి మనవరాలి కళ్లముందు తను గ్లాసు పట్టుకోలేదు. దాహమేస్తే పెరట్లోకి వెళ్లి తాగి వచ్చేది.

వానలు మొదలయ్యేసరికి వాపు తీసింది. బడికి పంపమని ఒకటే పేచీ. రెండో తరగతి మేడ మీద. మెట్లెక్కకూడదు కాబట్టి నేనే ఎత్తుకెళ్లి పైన దించి వచ్చేవాణ్ణి. తోటిపిల్లలు నవ్వుతున్నారని ఒకరోజు నా భుజం మీదే ఏడ్చింది. ఆ మాట టీచరమ్మతో అన్నాను. మర్నాడు వెళ్లేసరికి రెండో తరగతి మొత్తం కిందికి దిగుతోంది. పిల్లలు కేరింతలు కొడుతూ సంచులూ, బల్లలూ మోస్తున్నారు. టీచరమ్మ కొంగు నడుముకు దోపుకుని, మరొకరితో కలిసి బీరువా జరుపుతోంది.

"పైన గది కారతన్నాదని సెప్పాను పిల్లలకి" అంది నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి. "పాప కోసమని వాళ్లకి తెలీదు."

ఆ ఏడాది మా అమ్మాయి తన కాళ్లతో నడిచి తరగతిలోకి వెళ్లింది. గుండె కాస్త పుంజుకుందని డాక్టరమ్మ కూడా నవ్వింది. మేం ఆశ పడ్డాం.

మరుసటి వేసవి సెలవులు అయిపోవస్తుండగా జ్వరం వచ్చింది. మా వీధిలో పిల్లలందరికీ వచ్చిన జ్వరమే. వాళ్లకి తగ్గింది. మా పిల్లకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విశాఖపట్నం ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి లాగి అడిగింది.

"మూడో తరగతి ఏ గదిలో నాన్నా?"

"కిందనేనే తల్లీ."

"ఎవులు సెప్పారు?"

"టీచరమ్మ సెప్పింది."

టీచరమ్మ చెప్పలేదు. నేనే అన్నాను.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ బయటికొచ్చి నా భార్య చేతులు రెండూ పట్టుకుంది. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

నా భార్య ఏడవలేదు. కర్మకాండలు అయ్యేదాకా వచ్చినవాళ్లందరికీ వండి పెట్టింది. ఈ జబ్బు ఒక్కోసారి తోడబుట్టినవాళ్లకీ ఉంటుందనీ, బాబునీ చూపించమనీ డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది. మా నాలుగేళ్ల పిల్లాణ్ణి తీసుకుని మళ్లీ ఆ స్కాన్ గదికే వెళ్లాం. వాడు బల్ల మీద పడుకుని చక్కిలిగింతలకి నవ్వుతున్నాడు. మేం తెరకేసి చూడలేక నేలకేసి చూస్తున్నాం.

"బాబు గుండె బాగుందండీ. ఏడాదికోసారి చూపించండి, చాలు."

నా భార్య బయటికొచ్చి, వరండాలో గోడకి చేరగిలబడి, అందరూ చూస్తుండగా గొంతెత్తి ఏడ్చింది.

"బాగుందన్నారు కదమ్మా, ఏటికేడుస్తన్నావు?" అన్నాడు వాడు.

ఆమె వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. నేనూ పక్కనే నేల మీద కూర్చున్నాను.